చారిత్రక నవలలో ఆత్మపరిచయము, గురుత్వము



సూరతు నగరమునకు రేవు వర్తకము వలనను, జరీ పనితనము వలనను కలిగిన కీర్తి జగద్విదితము. కాని గుజరాతీ నవలకు ఈ నగరమే పుట్టినిల్లను సంగతి ఇచటి తెలుగువారిలో పలువురు ఎఱుగరు. 1866లో వెలువడిన ‘కరణ్ ఘేలో’ గుజరాతీ భాషలో తొలి స్వతంత్ర నవలగా పరిగణింపబడుచున్నది. దాని కర్త నందశంకర్ తుళజాశంకర్ మెహతా (1835–1905) సూరతులో జన్మించి, ఈ ఊరి ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయ పదవి నందుకొన్న తొలి భారతీయుడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వెలువడనారంభించుటకు పండ్రెండేండ్లు ముందుగనే సూరతులో ఈ నవల పుట్టినది.

ఈ గుజరాతీ నవలకు ప్రక్కన ఒక తెలుగు నవలను ఉంచి చూచుట ఈ ప్రసంగోద్దేశము. అది అడివి బాపిరాజుగారు 1940ల దశకమున రచించిన ‘గోన గన్నారెడ్డి’. మొదటిది పాటణము నేలిన కడపటి రాజపుత్ర ప్రభువు కరణ్ వాఘేలా కథ. రెండవది ఓరుగల్లు నేలిన రుద్రమదేవి కథ. ఇరువురును పదుమూడవ శతాబ్దమువారే. రుద్రమదేవి 1262 ప్రాంతమున రాజ్యభారము వహించి 1289 వఱకు పాలించెను. కరణుడు 1296 ప్రాంతమున సింహాసనమెక్కెను. రెండు నవలలును అడుగు ప్రశ్న ఒక్కటే: పాలకుడు కానున్న వ్యక్తి తన్ను తానెట్లు తెలిసికొనును? ఆ తెలివికి దారి చూపువాడెవడు?

ముందుగా కరణుని సంగతి. గుజరాతీలో ‘ఘేలో’ యనగా వెఱ్ఱివాడు. రాజునకు ఇట్టి బిరుదు ఏల వచ్చెను? మంత్రి మాధవుని భార్య రూపసుందరిపై మనసు పడి, మంత్రి యింట లేని సమయమున ఆమెను బలాత్కారముగా తెప్పించెను. అడ్డుపడిన మాధవుని తమ్ముడు కేశవుడు ప్రాణములు కోల్పోయెను. పరాభవము నోర్వలేని మాధవుడు ఢిల్లీకి పోయి అల్లాఉద్దీన్ ఖిల్జీని గుజరాతుపైకి పురికొల్పెను. 1299లో ఉలుఘ్ ఖాన్, నస్రత్ ఖానుల సేనలు గుజరాతుపై బడెను. రాణి చెఱపట్టబడెను, రాజు బాగ్లాణమునకు పరుగిడెను, పిదప కుమార్తె దేవలదేవియు శత్రువుల పాలాయెను.

రాజనీతి మంత్రిని రాజునకు కన్ను వంటివాడనును. కరణుడు తన కన్నును తానే పొడుచుకొన్నాడు. అతనికి శౌర్యము లేకపోలేదు, కులగౌరవము లేకపోలేదు. లేనిది ఒక్కటే: ‘ఇది తగదు’ అని చెప్పగలవానిని దగ్గఱ నిలుపుకొను బుద్ధి. ‘నేను రాజును’ అను మాటతో అతని ఆత్మపరిచయము ఆరంభమై అచటనే ఆగిపోయినది. రాజ్యము పోయినపిమ్మట మిగిలినది పశ్చాత్తాపము మాత్రమే.

రుద్రమదేవి కథ దీనికి ఎదురుగా నిలుచును. గణపతిదేవ చక్రవర్తికి పుత్రసంతానము లేదు. కుమార్తెకు రుద్రదేవుడను పేరిడి, పురుషవేషమున పెంచి, రాజవిద్యలు నేర్పించెననునది నవలకు ఆధారమైన ఐతిహ్యము. శాసనములును ఆమెను రుద్రదేవ మహారాజని పేర్కొనుచున్నవి. బాపిరాజుగారు ఈ విషయమును గ్రహించి, రాచకొలువున రుద్రదేవుడుగా నిలిచి, అంతరంగమున స్త్రీగా స్పందించు యువతిని చిత్రించిరి. నిడదవోలు చాళుక్య వీరభద్రునిపై ఆమెకు గలుగు అనురాగము ఈ ద్వంద్వమును తీవ్రము చేయును.

ఆమెకు గురుస్థానమున నిలిచినవాడు మహామంత్రి శివదేవయ్య. శిష్యురాలు ధరించిన వేషమును చూచి లోపలి వ్యక్తిని మఱవనివాడే గురువు. రాజ్యమునకు వేషము అవసరమైనంతకాలము దానిని కాపాడవలెను. అవసరము తీఱిననాడు దానిని విడుచుటకు ధైర్యము నీయవలెను. ఈ రెండును తెలిసినవాడు లేకున్న, రుద్రమ జీవితాంతము ఒకరి కల్పనగా మిగిలియుండెడిది. స్త్రీయని తెలిసియు ప్రజలు ఆమెను పాలకురాలిగా అంగీకరించుట ఆ శిక్షణకు ఫలము.

నవలలోని కథానాయకుడు గన్నారెడ్డిదియు ఇట్టి స్థితియే. లోకము అతనిని గజదొంగ యనును. అతడు చేయునది రాజ్యరక్షణ. చరిత్రలో గోన గన్నారెడ్డి వర్ధమానపురము నేలిన కాకతీయ సామంతుడు. 1294 నాటి రాయచూరు కోట శాసనము అతని పేరును, కోటగోడ కట్టించిన విఠలనాథుని పేరును చెప్పుచున్నది. దొంగతనపు ముసుగు మాత్రము నవలాకారుని కల్పనము. అయినను ఆ కల్పన వ్యర్థము కాదు. కరణునికి జన్మ ఒక పేరిచ్చెను. రుద్రమకు అవసరము ఒక పేరిచ్చెను. గన్నారెడ్డికి అపవాదు ఒక పేరిచ్చెను. ఇచ్చిన పేరుతో తృప్తి చెందినవాడు చెడెను. చేసిన పనితో తన్ను నిరూపించుకొన్నవారు నిలిచిరి.

గురుత్వ మనునది కేవలము కథలోని మాటయు కాదు. గుంటూరు సీమలోని మల్కాపురము శాసనము (1261) గణపతిదేవుని గురువైన విశ్వేశ్వర శంభువునకు మందడ గ్రామమును, రుద్రమదేవి చేర్చి యిచ్చిన వెలగపూడిని పేర్కొనుచున్నది. ఆ గురువు ఆ దానమును తన భోగమునకు వాడుకొనలేదు. మఠము, విద్యాలయము, అన్నసత్రము, ప్రసూతిశాల నెలకొల్పెను. శిష్యురాలి యీవి గురువు చేతిమీదుగా ప్రజలకు చేరినది. నల్లగొండ సీమలో దొరకిన చందుపట్ల శాసనము (1289) రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును మరణించిన వార్తను తెలుపుచున్నది.

ఈ రెండు కథలను చరిత్రయే ముడివేసినదని గమనింపవలెను. 1299లో ఖంభాతు రేవున నస్రత్ ఖానునకు చిక్కిన ఒక బానిసయే తరువాత మాలిక్ కాఫూరను సేనానియై 1310లో ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుని లొంగదీసెను. అనగా పాటణములో ఒక రాజు చేసిన తప్పుతో కదలిన సేన పదునొకండేండ్లకు తెలుగువారి కోటగుమ్మము తట్టినది.

రచయితల జీవితములందును ఈ సూత్రమే కానవచ్చును. ఆంగ్ల నవలల వంటివి గుజరాతీలో వ్రాయుమని విద్యాశాఖాధికారి రస్సెల్ ప్రోత్సహింపగా నందశంకరుడు కలము పట్టెను. రాజమహేంద్రవరము కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావును, బాపిరాజును చేరదీసి, వారిలోని కళకు దోహదము చేసెను. ఆ గురువులు పరదేశీయులు. ఐనను శిష్యులు తమ నేల కథలనే, తమ నేల రూపములనే సృజించిరి. శిష్యుని తనవంటివానిగా మార్చక, తనంతవానిగా ఎదుగనిచ్చుట ఉత్తమ గురులక్షణము.

ఇక సూరతులోని తెలుగు బిడ్డల విషయము. తెలంగాణము నుండి వచ్చి లింబాయతు మున్నగు పేటలలో స్థిరపడిన నేతపనివారి పిల్లలు కొందఱు. బదిలీపై వచ్చిన కేంద్రప్రభుత్వోద్యోగుల పిల్లలు కొందఱు. ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, బడిలో హిందీయో ఇంగ్లీషో. రుద్రమకు రెండు వేషములు. వీరికి మూడు భాషలు. ఇందు తప్పేమియు లేదు. ప్రమాదమెచటననగా, ఇంటి భాషయే దాచుకొనదగిన వేషమని బిడ్డ తలంచుటలో. బదిలీలతో ఊరు మాఱినప్పుడెల్ల స్నేహితులను కోల్పోవు బాలుడు ‘నేను ఎక్కడివాడను?’ అని అడుగును. దానికి జవాబుగా తండ్రి స్వగ్రామము పేరు చెప్పినంత మాత్రమున చాలదు.

పెద్దలు చేయదగిన చిన్నపని యొకటి కలదు. తండ్రి సాయంకాలము ‘గోన గన్నారెడ్డి’ని తెలుగులో చదివి బిడ్డకు వినిపింపవలెను. బిడ్డ ‘కరణ్ ఘేలో’ను గుజరాతీలో చదివి తండ్రికి అర్థము చెప్పవలెను. మొదటి పుస్తకమున తండ్రి గురువు. రెండవ పుస్తకమున బిడ్డయే గురువు. గుజరాతీ అక్షరము రాని తండ్రికి బిడ్డ యెదుట కూర్చుండుట కొంత కష్టముగనే తోచును. కాని చెప్పువాని మాట వినుట చేతగాకనే కరణుడు రాజ్యమును పోగొట్టుకొనెను. ఆ మాట వినగల యిండ్లలో పెరుగు పిల్లలు ఏ ఊరికి బదిలీయైనను తాము ఎవరో తెలియక తికమకపడరు.