ఫ్రిజ్ వెనక కొండచిలువ

వేదిక మీది గురువులకు, ఇవాళ కూడా వెనక బెంచీలే వెతుక్కుని కూర్చున్న మిత్రులకు నమస్కారం. నన్ను వంతెనల గురించి మాట్లాడమన్నారు. అవి మీరు రోజూ చూసేవే. నేను పాము గురించి చెబుతాను.

మేముండేది అమెరికాలో, ఒహాయోలో. మావాడు బాల్ పైథాన్‌ని పెంచుతున్నాడు. పశ్చిమ ఆఫ్రికా కొండచిలువ. 3 అడుగుల పైన ఉంటుంది, విషం లేదు, భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. (ఇక్కడెవరూ సరదా పడకండి. మన పాముల్ని పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.)

జనవరిలో ఒకనాడు లేచేసరికి గాజుపెట్టె మూత పక్కకి జరిగి ఉంది, పాము లేదు. అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. ఏటా నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనిషి, గడప లోపల పాము అనేసరికి మంచం దిగలేదు. "కనబడితే కొట్టెయ్యండిరా" అంది. మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

మన సైన్సు మాస్టారు బోర్డు మీద 'శీతల రక్త జంతువు' అని రాసి, "రక్తం చల్లగా ఉంటుందని కాదర్రా, వేడి బయటినుంచి తెచ్చుకోవాలని" అన్నారు. గుర్తుందా? తిండి లేకపోయినా అది వారాలు బతుకుతుంది, చలికి తట్టుకోలేదు. పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలు కూడా ఉంటాయి దానికి. అందుకని సోఫాలు బోర్లించే పని మా ఆవిడకి వదిలి, నేను ఇంట్లో వేడిగా ఉండే చోట్లు లెక్కేసుకున్నాను. అది రాత్రిళ్లు తిరిగే జీవి. పడుకునేముందు గుమ్మాలన్నిటికీ అడ్డంగా గోధుమపిండి చల్లాం.

మూడోరోజు పొద్దున వంటింటి గుమ్మంలో పిండి మీద చార. ఫ్రిజ్ ప్లగ్గు తీసి వెనక రేకు విప్పితే, కంప్రెసర్ పక్కన బంతిలా ఉంది.

మావాడు చెయ్యి పెట్టబోతే ఆపాను. లాగితే అది ఇంకా బిగుస్తుంది, దెబ్బ తగులుతుంది. కంప్రెసర్ ఎలాగూ చల్లారుతుంది కాబట్టి ఇవతల అంతకన్నా వెచ్చనిది ఏదైనా పెట్టాలి. ఏం పెట్టాలా అని చూస్తుంటే, మంచం దిగని అమ్మ గుమ్మం దాకా వచ్చి తన మోకాళ్ల వేడినీళ్ల సంచి అందించింది.

40 నిమిషాలు పట్టింది. ముందు నాలుక, తర్వాత తల. మెల్లగా వచ్చి సంచి మీద చుట్టుకుంది. మావాడు సంచితో సహా ఎత్తి పెట్టెలో పెట్టి, మూతకి రెండు క్లిప్పులు బిగించాడు.

"చిక్కిపోయింది పాపం, ఏమన్నా పెట్టరా" అంది అమ్మ. ఏం పెడతాడో ఆవిడకి చెప్పలేదు.

ఆ సంచి మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. సాయంత్రం ఆ మంచులోనే కారు తీసి ఇంకోటి కొనుక్కొచ్చాను.