కర్తలేని వాక్యము

(గుడ్లవల్లేరు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు భాషావిషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సెలవొసగిన ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞుడను. విద్యానిధి, విద్యార్థివసతిగృహము, వివాహవ్యయముల తగ్గింపు మొదలగు గొప్ప విషయములు చర్చకు రావలసిన సభలో వ్యాకరణ మేల యని కొందరనుకొనవచ్చును. నేను చెప్పబోవు వ్యాకరణము పద్దుపుస్తకమునకును, కాలువగట్టునకును సంబంధించినది. ఇంగ్లీషునుండి మన కాగితములలోనికిని, కాగితములనుండి మన నోళ్లలోనికిని బాగుగా వ్యాపించిన యొక వాక్యపద్ధతి గలదు. దాని లాభనష్టములను తమ సన్నిధిని తూచి చూపుటయే నా యుద్దేశము.

ఇంగ్లీషున కర్మణివాక్య మనునది మిక్కిలి వాడుకలో నున్నది. “రాముడు రావణుని చంపెను” అనుటకు మారుగా “రావణుడు రామునిచే చంపబడెను” అని త్రిప్పి చెప్పుటయే యది. మనలో బడికి పోయినవారెల్లరును పరీక్షలలో ఇట్లు త్రిప్పి మార్కులు తెచ్చుకొన్నవారే. ఇంగ్లీషువారికి దీని యవసరము మెండు. వారి భాషలో నామమునకు మనవలె ద్వితీయావిభక్తి ప్రత్యయము లేదు. క్రియకు ముందున్నవాడు కర్త, వెనుక నున్నవాడు కర్మ. చోటు మారినచో చంపినవాడు చచ్చినవాడగును. కావున కర్మను వాక్యమునకు మొదట నిలుపగోరినప్పుడు వారు క్రియారూపమునే మార్చుకొందురు. మనకా చిక్కు లేదు. “రావణుని రాముడు చంపెను” అన్నను, “రాముడు రావణుని చంపెను” అన్నను చంపినవా డొక్కడే. ఒక చిన్న “ని” అక్షరము కర్మను ఎచ్చటికి కొనిపోయినను దాని గుర్తు చెరుగనీయదు.

మరియొక సౌకర్యము గూడ మన భాషకు గలదు. “చదివిన బాలుడు” అందుము. “చదివిన పుస్తకము” అనియు నందుము. బాలుడు చదివినవాడు, పుస్తకము వానిచే చదువబడినది. అయినను “చదివిన” అను మాట యొక్కటియే రెండు చోట్లకును చాలినది. “ఇది మా తాతగారు త్రవ్వించిన చెరువు” అనినచో చెరువును, తాతగారును ఒక్క మాటలోనే నిలిచియున్నారు. ఇక కర్తను చెప్ప నక్కరలేని సందర్భములందు మన రైతు “కాలువ కట్టివేసినారు”, “నీళ్లు వదలినారు” అనును. ఎవరో చెప్పలేదు, కాని క్రియ తుదనున్న “రు” అక్షరము అది మనుష్యులు చేసిన పనియని చాటుచునే యున్నది.

అట్లని “బడు” ప్రయోగమంతయు పరాయిసొత్తని నేననను. సంస్కృతమున కర్మణిప్రయోగము సహజము. ఆ భాషనుండి తెనిగించిన మన పూర్వులు “చెప్పబడిన”, “అనబడు” అను రూపములను వాడియే యున్నారు. 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన కాల్డ్వెల్ పండితుడు, ఈ భాషలకు స్వతస్సిద్ధమైన కర్మణిరూపము లేదనియు, “పడు” అను క్రియను చేర్చి దానిని కూర్చుకొనుచున్నవనియు చెప్పెను. “పడు” అనగా మీద పడుటయే. భయపడుట, కష్టపడుట, కనబడుట, వినబడుట మన యిండ్లలో ప్రతిదినమును వినవచ్చు మాటలే. వీనితో మనకు వివాదము లేదు.

వివాదమెల్ల ఇంగ్లీషు చదువుతోడను, కచేరీలతోడను వచ్చిన వాక్యముతోనే. మన బందరు రేవునకు ఇంగ్లీషు కంపెనీవారి యోడ 1611లో వచ్చెను. అచ్చటనే 1843లో రాబర్ట్ నోబుల్ దొర ఇంగ్లీషు పాఠశాలను నెలకొల్పెను. కచేరీలలో ఉత్తరువులు ఇంగ్లీషున పుట్టి తెనుగున మారుపేరు పొందుచుండెను. పత్రికలు వెలసిన పిమ్మట రాత్రికి రాత్రి తంతివార్తలను తెనిగింపవలసిన యుపసంపాదకులకు మాటకు మాట పెట్టుటకంటె తీరిక చిక్కెడిది కాదు. 1966లో ఆంధ్రప్రదేశమున తెలుగును అధికారభాషగా చేయు చట్టము వచ్చినను, కాగితముపై అక్షరములు తెలుగైనవే కాని వాక్యపుటెముక ఇంగ్లీషుదిగనే నిలిచినది. “ఇందుమూలముగా తెలియజేయడమైనది” అను మాట ఎవరు తెలియజేసిరో తెలియజేయదు. నేడు ఆ పద్ధతి వేదికలమీదికిని, వీధులలోనికిని వచ్చి, “చెప్పడం జరిగింది”, “నిర్ణయం తీసుకోవడం జరిగింది” అను రూపము దాల్చినది. వర్షము జరిగినట్లు, గ్రహణము జరిగినట్లు, మనుష్యుల పనులుగూడ వానంతట నవియే జరిగిపోవుచున్నవి!

ఇందలి నష్టమును కాలువగట్టుమీద నిలిచి చూచినచో బాగుగా తెలియును. మన డెల్టా రైతు “గండి పడినది” అనినచో నీటి యొత్తిడికి గట్టు తనంత తాను తెగినదని యర్థము. “గండి కొట్టినారు” అనినచో ఎవరో పారపట్టి తెంచినారని యర్థము. మొదటిదానికి మట్టిబస్తాలు కావలెను. రెండవదానికి పంచాయతి కావలెను. ఈ రెండు మాటల నడుమ మన పల్లెల న్యాయమంతయు నున్నది. ఇప్పుడు “గట్టునకు గండి కొట్టబడినది” అని కాగితముపై వ్రాయుడు. కొట్టినవాడొక డున్నాడని ఒప్పుకొన్నట్లే యుండును, వాడెవడని యడుగుట కవకాశము మాత్రముండదు. తెలిసిన దానిని చెప్పుచున్నట్లు కనబడుచు దాచుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు.

చరిత్రలోను ఇట్లే. విజయవాడయొద్ద కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట కట్టబడెనని మన పిల్లలు చదువుదురు. రాళ్లు మోసినవారును, మట్టి త్రవ్వినవారును ఆ “బడెను” అను మాటలో మునిగిపోయినారు. వారు పారించిన నీటితో పండిన యన్నమును తినువారమగు మనము వారిని వాక్యమునందైనను నిలుపుట ధర్మము కాదా?

మన తీరప్రాంతమువారికి ఇది ప్రాణములతోగూడిన విషయము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమపై విరుచుకొనిపడిన యుప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అట్టి తావున “లోతట్టుప్రాంతముల ప్రజలు సురక్షితస్థలములకు తరలింపబడుదురు” అని యొక ప్రకటన వచ్చినదనుకొందము. అది చదివిన గృహస్థుడు ఏమి చేయవలెను? ఎవరో బండి తెచ్చెదరని వాకిట కూర్చుండవలెనా? తానే పిల్లలను చంకనెత్తుకొని బయలుదేరవలెనా? “మీరు సాయంకాలములోగా బడికి చేరుడు, నడువలేనివారిని మేము వచ్చి తీసికొనిపోవుదుము” అనినచో సందేహమునకు చోటులేదు. మొదటి వాక్యము గంభీరముగా నుండును. రెండవది మనిషిని కదలించును.

ఇక మన సంఘముల సంగతి. దాతలు కూర్చున్న సభ గనుక నిర్మొగమాటముగా మనవిచేయుదును. ఏ సంఘపు నివేదికను చూచినను “నిధి వసూలు చేయబడినది”, “బీదవిద్యార్థులకు వేతనము లియ్యబడును”, “స్థలము పరిశీలింపబడుచున్నది” అను వాక్యములే. పిల్లవానికి ఫీజు కట్టలేని యొక వితంతువు ఆ రెండవ వాక్యమును చదివినచో ఎవరి గుమ్మము త్రొక్కవలెనో ఎరుగదు. మరుసటి సంవత్సరమును స్థలము పరిశీలింపబడుచునే యుండును. పరిశీలించువాని పేరు లేనందున పరిశీలింపలేదని యనిపించుకొనువాడును లేడు. ఇందు దురుద్దేశ మున్నదని నా యభిప్రాయము కాదు. నలుగురిలో పేరు చెప్పుకొనుటకు సంకోచించుట మన వినయము. ఒకరి పేరు చెప్పి నొప్పించుటకు జంకుట మన మర్యాద. కాని ఆ వినయమే, ఆ మర్యాదయే కాలక్రమమున బాధ్యతకు ముసుగగుచున్నది.

కర్తను విడుచుటకు తగిన చోట్లున్నవి. చేసినవా డెవడో తెలియనప్పుడు విడువవచ్చును. దాత తన పేరు వలదన్నప్పుడు “ఇచ్చట చలివేంద్రము ఏర్పాటు చేయబడినది” అని వ్రాయుట యెంతయు నొప్పును. తాను చేసిన మేలును మరుగుపరచుటకు ఈ వాక్యము మంచి వస్త్రము. తాను చేయవలసిన పనిని మరుగుపరచుటకు మాత్రము పనికిరాదు. ఈ భేదమును గుర్తెరిగినచో వ్యాకరణమునందు నేర్చుకొనవలసిన దంతయు నేర్చుకొన్నట్లే.

కావున మహాజనులకు నేను మూడు సూచనలు చేయుచున్నాను. మొదటిది: మన తీర్మానములలో పనిని చెప్పిన వాక్యమునందే దానిని చేయువారి పేరును, చేయవలసిన గడువును చెప్పవలెను. రెండవది: లెక్కలలో “ఖర్చు చేయబడినది” అనుటకు మారుగా ఎవరు, ఎవరి యనుమతిపై ఖర్చుచేసిరో వ్రాయవలెను. మూడవది: బడిపిల్లలకు కర్తరివాక్యమును కర్మణిగా త్రిప్పుట నేర్పిన యుపాధ్యాయులు, కర్మణివాక్యమును చూపి “ఇచ్చట దాగినవాడెవడు?” అని యడుగుటయు నేర్పవలెను. ఆ ప్రశ్న వేయ నేర్చిన బాలుడు పెద్దవాడైన పిమ్మట పట్టాకాగితమును గాని, బ్యాంకు పత్రమును గాని గ్రుడ్డిగా సంతకముచేయడు.

ఇంగ్లీషుపై నాకు ద్వేషము లేదు. మన పిల్లలు దానిని చక్కగా నేర్చి ఖండాంతరములందు రాణించుట మనకెల్లరకును గర్వకారణము. ఎవరి భాషకు తగిన నడక వారిది. మన నడకలో పనిచేసినవాడు వెలుగులో నుండును. ఈ సంవత్సరము మనము చేసికొను తీర్మానములు రాబోవు మహాసభలో “జరిగినవి” అని కాక, “మేము చేసితిమి” అని వినిపించుగాక యని కోరుచున్నాను.