విమానం ఎక్కే ముందు చదవాల్సిన కాగితాలు



ఈ రాత్రి పాఠం పుస్తకంలోది కాదు. పోయిన వారం మన బడికి వచ్చే ఒక అక్క కొంగున ముడేసుకుని ఒక కాగితం తెచ్చింది. "టీచరమ్మా, ఇది దుబాయ్ వీసా అంట. ఇంటిపనికి పంపిస్తాడంట. ఎనభై వేలు కట్టమన్నాడు. చదివి చెప్పు" అంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. అయినా అక్క ఊరుకోలేదు. అంకెలు కూడబలుక్కుని ఒకచోట వేలు పెట్టింది. "ఇక్కడ 30 ఉంది. 30 ఏంది?" అని అడిగింది.

30 అంటే 30 రోజులు. అది పని వీసా కాదు. చుట్టపుచూపుగా పోయి వచ్చేవాళ్ళ వీసా. దాన్ని విజిట్ వీసా అంటారు. ఆ వీసా మీద పనిలో చేరితే అక్కడి చట్టం ప్రకారం తప్పు మనదే అవుతుంది. జీతం ఇవ్వకపోయినా గట్టిగా అడగలేం.

మనం మిరపకాయ ఏరడానికి పోతాం, పత్తి తీయడానికి పోతాం. మేస్త్రి కూలి ఎగ్గొడితే తిట్టుకుంటూ నడిచైనా ఇల్లు చేరతాం. సముద్రం దాటితే నడిచి రాలేం. అందుకే ఈ పాఠం.

కడప వైపు నుంచి, గోదావరి కింది ఊళ్ళ నుంచి ఎన్నో ఏళ్ళుగా ఆడవాళ్ళు కువైట్, దుబాయ్ పోతున్నారు. ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఉన్నారు. పోవద్దని నేను చెప్పను. చీకట్లో పోవద్దంటాను.

ముందు పాస్‌పోర్టు. ఇది మన దేశం ఇచ్చే పుస్తకం. మీరు ఎవరో, ఏ దేశం మనిషో చెబుతుంది. పెద్దవాళ్ళకు 10 ఏళ్ళు పనిచేస్తుంది. ఇందులో ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా రాస్తారు. మనకు ఇక్కడే చిక్కు. రేషన్ కార్డులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటాయి. ముందే సరిచేయించుకోండి. పాస్‌పోర్టులో, వీసాలో, టికెట్‌లో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి.

వయసు సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వీళ్ళకు ప్రభుత్వ అనుమతి కావాలి. అది మచ్చ కాదు. మన కోసం పెట్టిన కాపలా. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు ఇంటిపని కోసం ఆ అనుమతి ఇవ్వరు. అందుకని కొందరు దళారులు 24 ఏళ్ళ పిల్లకు ఆధార్‌లో 31 రాయిస్తారు. లేదంటే విజిట్ వీసా చేతిలో పెడతారు. దొంగ వయసు రాయిస్తే కేసు మన మీద కూడా పడుతుంది.

ఇలా ఇంటిపనికి ఆడవాళ్ళను పంపే బాధ్యతను 2016లో ప్రభుత్వ సంస్థలకు అప్పగించారు. తెలంగాణలో ఆ సంస్థ పేరు టామ్‌కామ్. ముందు అక్కడ అడగండి. అనుమతితో పోయేవాళ్ళకు బీమా కూడా ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడతారు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకు 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పోయినవాళ్ళకు ఇది లేదు.

ఇక విమానాశ్రయం. మనకు శంషాబాద్. 2008లో మొదలయింది. భద్రాచలం నుంచి బస్సులో రాత్రంతా ప్రయాణం. విమానం వేళకు మూడు గంటల ముందే అక్కడ ఉండాలి.

వేళ దగ్గర చాలామంది మోసపోతారు. మా చిన్నమ్మ కూడా అలాగే విమానం తప్పిపోయింది. టికెట్ మీద 5వ తేదీ, 00:30 అని ఉంది. ఆమె 5వ తేదీ రాత్రి పోయింది. కానీ అక్కడ రాత్రి పన్నెండు దాటితే తేదీ మారుతుంది. అంటే 4వ తేదీ రాత్రికే పోయి కూర్చోవాలి. ఇంకోటి, 22:40 అని ఉంటే 12 తీసేయండి. రాత్రి 10:40. ఈ లెక్క పలక మీద పదిసార్లు చేద్దాం.

లోపలికి పోగానే పెద్ద పెట్టె తూచి తీసుకుంటారు. దాన్ని చెకిన్ అంటారు. పెట్టెకు ఒక చీటీ కట్టి, దాని ముక్క మీకిస్తారు. పారేయకండి. పెట్టె పోతే అదే సాక్ష్యం. అక్కడే బోర్డింగ్ పాస్ ఇస్తారు. తర్వాత ఇమ్మిగ్రేషన్. అక్కడి అధికారి ఎక్కడికి, ఏం పనికి పోతున్నావని అడుగుతాడు. నిజమే చెప్పండి. "చుట్టాలింటికని చెప్పు" అని ఎవరైనా నేర్పి పంపితే, అక్కడే మోసం ఉందని అర్థం. తర్వాత సెక్యూరిటీ, అంటే ఒళ్ళూ సంచీ తనిఖీ. ఆడవాళ్ళను ఆడ పోలీసులే తెర చాటున చూస్తారు.

పచ్చడి సీసా చేతి సంచిలో పెడితే తీసి పక్కన పడేస్తారు. పెద్ద పెట్టెలో సర్దుకోండి. కత్తిపీట, కత్తెర కూడా అంతే. గసగసాలు మాత్రం ఎందులోనూ వద్దు. మనకు అది కూరలో మసాలా. దుబాయ్‌లో, సౌదీలో మత్తుమందు కింద లెక్క, జైల్లో వేస్తారు. "మా తమ్ముడికి ఈ పొట్లం ఇవ్వక్కా" అని ఎవరు బతిమాలినా తీసుకోకండి. పొట్లంలో ఏముందో మీకు తెలియదు, కానీ పట్టుబడేది మీరే.

విమానం లేచేటప్పుడు చెవులు గింగురుమంటాయి. ఉమ్మి మింగితే సర్దుకుంటుంది. మరుగుదొడ్డి తలుపు మీద ఎరుపు ఉంటే లోపల మనిషి ఉన్నట్టు, పచ్చ ఉంటే ఖాళీ.

దిగాక చాలా ఇళ్ళలో యజమాని పాస్‌పోర్టు తీసుకుని దాచేస్తాడు. కాబట్టి బయలుదేరకముందే నకళ్ళు ఇంట్లో పెట్టండి. ఒక చిన్న నోటు పుస్తకంలో మీ చేత్తో మీరే రాసుకోండి: పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, ఇంటి ఫోను, ఆ దేశంలో మన రాయబార కార్యాలయం ఫోను. పనికి పోయేవాళ్ళ కోసం మన ప్రభుత్వ సహాయ ఫోను 1800 11 3090. ఇక్కడ ఉండగానే దానికి చేసి అడగొచ్చు.

ఆ అక్క ఎనభై వేలు కట్టలేదు. పని వీసా తెమ్మని అడిగింది. అతను తెస్తానని పోయాడు, ఇంకా రాలేదు. అక్కకు అప్పు తీర్చే దారి ఇంకా దొరకలేదు. సోమవారం ఇద్దరం కలిసి టామ్‌కామ్ వాళ్ళకు ఫోను చేస్తాం.

ఇది మా చిన్నమ్మ దాచిన బోర్డింగ్ పాస్. చేతులు మారుస్తూ అందరూ చూడండి. అక్షరాలు ఇంగ్లీషువే గానీ అంకెలు మనం నేర్చుకున్నవే. గేటు ఎంత, సీటు ఎంత, వేళ ఎంత, ఒక్కొక్కరు వేలు పెట్టి చదవండి.