హైమన్‌డార్ఫ్ అనే ఇంటిపేరు

1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావుగారి అసలు ఇంటిపేరు బూర్గుల కాదు. వారు పుల్లంరాజువారు. పూర్వపు మహబూబునగరం జిల్లాలోని బూర్గుల వారి స్వగ్రామం. లోకులు ఊరిపేరుతో వారిని పిలిచారు, వారూ కాదనలేదు. కొంతకాలానికి ఊరిపేరే ఇంటిపేరై కూర్చున్నది. పుల్లంరాజు అన్న మాట నేడు వారి జీవితచరిత్ర చదివినవారికి తప్ప తెలియదు.

తెలుగువారికి ఇది వింత కాదు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే. ఊరు అన్నది ఊరి అవుతుంది, పాడు అన్నది పాటి అవుతుంది. వ్యాకర్తలు ఔపవిభక్తికమని చెప్పే ఆ చిన్న మార్పుతోనే గ్రామం కుటుంబమవుతుంది. పూర్వులు ఆ ఊరు విడిచి ఎన్ని తరాలైనా, ఆ ఇకారం మాత్రం వెంట వస్తూనే ఉంటుంది.

సరిగా ఇటువంటి కథే గల జర్మను ఇంటిపేరు ఒకటి మన తెలంగాణంలో ఉన్నది. అది హైమన్‌డార్ఫ్. ఆదిలాబాదు అడవులలో గోండు పెద్దలు ఈ మాటను మన కంటె ఎక్కువ చనువుగా పలుకుతారు. పత్రికలవారు హైమెన్‌డార్ఫ్ అనీ, హేమండార్ఫ్ అనీ తోచినట్లు వ్రాస్తూ ఉంటారు. పరభాషా నామాలకు మన లిపిలో ఈ కష్టం తప్పదు.

ఈ పేరు గల పండితుడు మన నగరవాసులకు దూరపువాడు కాడు. చిక్కడపల్లి, నారాయణగూడ వాసులకు అడిక్‌మెట్ అనగానే విశ్వవిద్యాలయానికి పోయే త్రోవ జ్ఞప్తికి వస్తుంది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదట అద్దె భవనాలలో సాగి, తరువాత అడిక్‌మెట్ ప్రాంతంలోని విశాలమైన భూములకు తరలినది. అక్కడ ఆర్ట్సు కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ఆ విశ్వవిద్యాలయంలోనే 1945 నుండి 1949 వరకు ఆయన మానవశాస్త్రాచార్యుడు.

పూర్తి పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నా నగరంలో జన్మించారు. ఇంత పొడవైన పేరును విడదీసి చూస్తే నాలుగు ముక్కలు కనబడతాయి. క్రిస్టాఫ్ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు. ఫ్యూరర్ అన్నది వంశనామం. నడిపించువాడు, తోలుకొనిపోవువాడు అని దాని అర్థం. హిట్లరు ధరించిన బిరుదుకు కూడా ఇదే ధాతువు. ఆ మాటకు ఈ కుటుంబంతో అంతకు మించిన సంబంధం లేదు. డార్ఫ్ అంటే పల్లె. హైమన్ అన్నది హైమో అనే ప్రాచీన పురుషనామానికి షష్ఠీరూపమని తీసుకొంటే, హైమన్‌డార్ఫ్ అంటే హైమో యొక్క పల్లె. మన మల్లయ్యపల్లి, రామన్నగూడెం వంటిదే. నూర్న్‌బర్గు నగరానికి తూర్పున, పెగ్నిట్సు నది ప్రాంతంలో ఆ చిన్న గ్రామం నేటికీ ఉన్నది.

ఫ్యూరర్లు నూర్న్‌బర్గులో పేరుమోసిన సంపన్న కుటుంబం. వారిలో వ్యాపారులున్నారు, గనులు త్రవ్వించినవారున్నారు. 16వ శతాబ్దంలో ఈజిప్టు దాకా యాత్ర చేసి వచ్చిన ఒక క్రిస్టాఫ్ ఉన్నాడు. 18వ శతాబ్దారంభంలో ఆ నగరపు కవిసమాజానికి అధ్యక్షుడైన మరొక క్రిస్టాఫ్ ఉన్నాడు. ఆ పల్లె వీరి చేతికి వచ్చిన తరువాత పేరు ఫ్యూరర్ ఫాన్ హైమన్‌డార్ఫ్ అయినది. ఫాన్ అంటే "నుండి", "యొక్క" అని అర్థం. పేరులో ఆ మాట ఉంటే భూస్వామి అని ఎదుటివాడు గ్రహించాలి. ఆ ఊరివాడు అనడానికీ, ఆ ఊరు నాది అనడానికీ ఉన్న భేదమంతా అక్కడ ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. సామాన్యులకు ఈ అలంకారం లేదు. నూర్న్‌బర్గు నుండి వచ్చినవాడు ఉత్త నూర్న్‌బర్గర్.

1919లో ఆస్ట్రియా ప్రజాప్రభుత్వం కులీనుల బిరుదులన్నిటితోబాటు ఈ ఫాన్‌ను కూడా శాసనం ద్వారా తొలగించినది. అప్పటికి మన క్రిస్టాఫ్ పదేళ్ళ బాలుడు. అయినా ఆయన ఇంగ్లీషు గ్రంథాల ముఖపత్రాలపై ఫాన్ నిలిచే ఉన్నది. శాసనం కంటె అలవాటుకు ఆయువెక్కువ.

ప్రచారం మాటకు వస్తే, జర్మనీలో అత్యధికులకున్న ఇంటిపేరు మ్యూలర్; పిండిమర నడుపువాడు. దాని తరువాతిది ష్మిట్, కమ్మరి. ఆ తరువాతిది ష్నైడర్; బట్టలు కుట్టువాడు. అక్కడ వృత్తి ఇంటిపేరుగా స్థిరపడినంత విరివిగా మనలో స్థిరపడలేదు. మనకు ఊరే ముఖ్యం. హైమన్‌డార్ఫ్ వంటి పేరు జర్మనులలో ఎక్కడో గాని వినబడదు. అది జనుల నోట నానినది మన ఆదిలాబాదులోనే అంటే అతిశయోక్తి కాదని నా నమ్మకం.

ఎట్లా నానినది? 1938లో హిట్లరు ఆస్ట్రియాను కలుపుకొన్నందువల్ల ఈయన జర్మను పౌరుడై పోయినాడు. 1939లో పరిశోధన కోసం ఇక్కడికి రాగానే యుద్ధం వచ్చిపడినది. బ్రిటిషువారి లెక్కలో ఆయన శత్రుదేశీయుడు. నిజాము రాజ్యంలో ఉండడానికి మాత్రం అనుమతి దొరికినది. ఆ నిర్బంధాన్ని ఆయన, భార్య బెట్టి, అడవులలో గడిపారు. నల్లమల చెంచులను గూర్చి 1943లో, గోదావరి కొండలలోని రెడ్లను గూర్చి 1945లో, రాజగోండులను గూర్చి 1948లో గ్రంథాలు వెలువడినవి.

గోండుల వద్దకు ఆయన పోయిన సమయం మంచిది కాదు. 1940లో జోడేఘాటులో కొమురం భీము ప్రాణాలు కోల్పోయినాడు. అడవి హద్దులు గీసి ప్రభుత్వం ఊళ్ళను లేపివేయడం, తరతరాలుగా దున్నుతున్నవానికి పట్టా లేకపోవడం, బయటినుండి వచ్చినవాడు కాగితం చూపి భూమి కాజేయడం, ఇవీ ఆ తిరుగుబాటుకు కారణాలు. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకొని నివసించారు. అక్కడ 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలసినది. గోండి భాషలో వాచకాలు తయారైనవి. దున్నేవాని పేరనే పట్టా ఉండాలని ఆయన ప్రభుత్వానికి నొక్కి చెప్పారు. 1940ల చివరకు వేల కుటుంబాలు పట్టాదారులైనారు.

రెవెన్యూ దఫ్తరులోకి ఆ పేర్లు చేరడం సామాన్య విషయం కాదు. మడావి, ఆత్రం, కుమ్ర, సిడాం, కనక, మేస్రం: ఇవి గోండుల ఇంటిపేర్లు. ఈ కుటుంబాలన్నీ నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల శాఖలుగా విడివడి ఉంటాయి. ఇంటిపేర్లు వేరైనా శాఖ ఒకటైతే పెళ్ళి పొసగదు. మన గోత్రం వంటి కట్టడి. ఇంటిపేరు తెలిస్తే గోండు పెద్దకు వరుస తెలుస్తుంది, దైవం తెలుస్తుంది. కేస్లాపూరు నాగోబా జాతరను మేస్రంవారే నిర్వహించడం ఈ ఏర్పాటువల్లనే. ఇంత చెప్పే పేరు, ఏ చేను ఎవరిదో మాత్రం చెప్పలేకపోయినది. దఫ్తరులో అది లేదు గనుక. నూర్న్‌బర్గువారికి ఫాన్ అనే మాట చేసిన పని ఇక్కడ పట్టా కాగితం చేయవలసి వచ్చినది.

పట్టాలు వచ్చినా చిక్కు తీరలేదు. లండనులో ఆచార్యపదవి ముగించుకొని 1970లలో మళ్ళీ వచ్చినప్పుడు, ఆ భూములలో చాలావరకు పరుల చేతులలోకి జారిపోవడం ఆయన కళ్ళారా చూచారు. 1982లో ప్రచురించిన గ్రంథంలో దానిని దాచకుండా వ్రాశారు. ఆయనను కేవలం గిరిజనోద్ధారకుడని కీర్తించే ఉపన్యాసకులు ఆ గ్రంథాన్ని ఒకసారి తిరగవేస్తే బాగుండును.

బెట్టి 1987లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండనులో మరణించగా, 2012లో చితాభస్మాన్ని తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచారు. నేడు కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరిన ఆ గ్రామంలో ఏటేటా జనవరిలో వారి వర్ధంతి జరుగుతున్నది.

పేర్ల ఇచ్చిపుచ్చుకోళ్ళు కూడా జరిగినవి. దంపతులు తమ కుమారునికి మార్లవాయి పటేలు లచ్చు పేరు కలిసేటట్లు లచ్చుపటేల్ అనే పేరు పెట్టుకొన్నారు. గోండు కుటుంబాలవారు తమ పిల్లలకు హైమన్‌డార్ఫ్ అనీ, బెట్టి అనీ పెట్టుకొన్నారు. ఫ్యూరర్‌ను గాని, ఫాన్‌ను గాని వారు తీసుకోలేదు. మన పద్ధతిలోనే గోండులు కూడా ఇంటిపేరు ముందు వ్రాస్తారు. ఆ పిల్లల పేర్లలో గోండు ఇంటిపేరు తన చోట తానుండగా, జర్మను ఇంటిపేరు దాని వెనుక, అమ్మానాన్నలు ముద్దుగా పెట్టిన పేరుండే చోట నిలిచి ఉన్నది.