రాయి మన్నయిన కథ
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో నేర్చి నేటికీ మరువని పాఠమొకటి విన్నవిస్తాను. ఆరవ తరగతిలో మా భూగోళం మాస్టారు ఒక రాతిపెళ్లను నా చేతిలో పెట్టి "నలుపు" అన్నారు. రాతిని నలుపుటేమని నవ్వాను. నలిపితే పొడియై రాలినది. "బళ్ళారి కొండ కూడా ఇట్లే రాలుతున్నదిరా, మనకు కనబడదంతే" అన్నారాయన.

మన బళ్ళారి, హంపి ప్రాంతాల గ్రానైటు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిది. భూమిలో లోతున గట్టిపడిన ఆ శిల, పైపొరలు తొలగి బరువు తగ్గగా నిలువునా అడ్డంగా పగుళ్లు వారినది. ఆ పగుళ్లలోనికి వాననీరు దిగినది. ఆ నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఫెల్డ్‌స్పార్ అను ఖనిజాన్ని మెల్లగా బంకమన్నుగా మార్చినది. పలుగురాతి రేణువులు ఇసుకగా మిగిలినవి. రాయి ఉన్నచోటనే ఇట్లు శిథిలమగుటయే శిలాశైథిల్యం. రాతిదిమ్మె మూలలకు మూడు వైపుల నుండి నీరు తగులుతుంది. ముఖానికి ఒక్క వైపు నుండే. అందుచేత మూలలు ముందుగా అరిగి దిమ్మె గుండవుతుంది. హంపి గుట్టలపై ఆ గుండ్లను వానరులు పేర్చినారని పెద్దలు చెప్పుకొన్నారు. నిజానికి ఎవరూ పేర్చలేదు. నడుమనున్న మన్ను వానలకు కొట్టుకొనిపోగా గుండ్లు మిగిలినవి.

అట్లు నీరు, గాలి మన్నును మోసికొనిపోవుటయే క్రమక్షయం. కొండలరిగి మైదానాలైనదీ, మనకు పంటభూములు దక్కినదీ ఈ రెండు క్రియల వల్లనే. అయితే అంగుళం మేల్మన్ను తయారగుటకు వందల ఏండ్లు పడుతుంది. చెట్టు, గడ్డి లేని వాలుపొలంలో దానిని కోయుటకు కొద్దిపాటి జడివానలు చాలును.

పోయిన మన్ను ఎక్కడ చేరినదో హొసపేట వద్ద చూడవచ్చును. 1953లో నీరు నిలిపిన తుంగభద్ర జలాశయంలో మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టేది. 2016 నాటి సర్వేలో అది సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గినది. ఎగువ పరీవాహక భూముల నుండి వచ్చిన మన్నే ఆ పూడిక. పైరైతుకు మన్ను నష్టం, దిగువ ఆయకట్టు రైతుకు నీరు నష్టం. కర్ణాటకలోనైనా, ఆంధ్రలోనైనా, తెలంగాణలోనైనా ఆ నష్టం ఒక్కటే.

కొండ అరుగుటను మనమాపలేము, ఆపనక్కరలేదు. చేనిలోని మన్నును మాత్రం నిలుపుకొనగలము. వాలుకు అడ్డంగా దున్నుట, గట్లు వేయుట, గట్లపై చెట్లు, గడ్డి పెంచుట మన తాతలెరిగిన పనులే.

పూర్వ విద్యార్థులకు నాదొక మనవి. బడి మైదానంలో పల్లపు వైపున ఏటేటా వాననీరు మన్నును కోస్తున్నది. జూబిలీ గుర్తుగా అక్కడ ఒక గట్టు వేసి, వేప, కానుగ నాటుదాము. ఏ మాస్టారైనా పిల్లలనక్కడికి తీసికొనిపోయి, చేతిలో రాతిపెళ్ల పెట్టి "నలుపు" అంటే, ఆనాటి పాఠం మరల మొదలవుతుంది.

సెలవు.