సోఫా కొనేముందు కూర్చుని చూడండి



మన ముందుగదిలో సగం చోటు ఆక్రమించుకునే వస్తువు ఒకటుంది. అదే సోఫా. పూర్వం వీధి వైపు అరుగు, లోపల నవారు మంచం, ఒక పడక కుర్చీ, రెండు చెక్క కుర్చీలు ఉంటే వచ్చేపోయే వాళ్ళకు లోటుండేది కాదు. సోఫా అన్న మాటకు మూలమైన అరబ్బీ మాట ‘సుఫ్ఫా’కు కూడా అరుగు, కూర్చునే తిన్నె అనే అర్థం. అయితే అరుగు ఒకసారి కట్టించుకుంటే తరతరాలు ఉండేది. సోఫా అలా కాదు. చూసి కొనకపోతే వాయిదాలు తీరకముందే నడిమధ్య గుంట పడుతుంది, కిర్రు కిర్రుమంటుంది. అందుకని ఈ రోజు మెత్తలు వేసిన ఆసనాలను ఎలా ఎంచుకోవాలో కొంచెం వివరంగా చెప్పుకుందాం.

కొట్టుకు వెళ్ళినప్పుడు సాధారణంగా ఏం జరుగుతుందో గమనించారా? ఇంటావిడ రంగు చూస్తుంది. ఇంటాయన ధర చూస్తారు. పిల్లలు ఎక్కి గెంతి చూస్తారు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న అత్తగారిని వెంట తీసుకువెళ్ళాలని ఎవరికీ తోచదు. తీరా సోఫా ఇంటికి వచ్చాక ఆవిడ అందులో కూర్చుంటే మళ్ళీ లేవలేరు. ఎవరో ఒకరు చెయ్యి అందివ్వాలి. నాలుగు రోజులు చూసి, ఆవిడ తన పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఒక మూల వేసుకుంటారు. అంత డబ్బు పోసి కొన్న ఆసనం ఇంట్లో పెద్దావిడకే పనికిరాలేదు చూడండి!

కాబట్టి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న, ఇందులో రోజూ కూర్చునేది ఎవరు అని. వాళ్ళ ఒంటికి సరిపోవాలి. నేల నుంచి కూర్చునే చోటు దాకా పదహారు నుంచి పద్ధెనిమిది అంగుళాల ఎత్తు చాలామందికి సరిపోతుంది. మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళకు ఇంకో అంగుళం ఎక్కువ ఉన్నా మంచిదే. ఈ కొలత తీసేటప్పుడు ఒక మనిషిని కూర్చోబెట్టి తీయాలి సుమా! మెత్త దిగిపోయాక ఉండే ఎత్తే అసలు ఎత్తు.

ఎత్తు తరువాత లోతు. అంటే ముందు అంచు నుంచి వీపు ఆనే చోటు వరకూ ఉండే దూరం. ఇరవై, ఇరవై రెండు అంగుళాలుంటే మనలాంటి వాళ్ళకు చాలు. ఇప్పుడు కొట్లలో ఇరవై నాలుగు, ఇంకా పైన లోతున్నవీ కనిపిస్తున్నాయి. చూడడానికి దర్జాగానే ఉంటాయి. కానీ అయిదడుగుల మనిషి అందులో కూర్చుంటే వీపు ఆనదు, ఆనిస్తే కాళ్ళు నేలకు అందవు. మీ ఇంట్లో వచ్చిన ప్రతివాళ్ళూ వీపు వెనక ఒక దిండు వేసుకుంటున్నారంటే, లోతు ఎక్కువైందని అర్థం.

కొట్లో ఈ చిన్న పరీక్ష చెయ్యండి. చెప్పులు విడిచి, వీపు పూర్తిగా ఆనించి కూర్చోండి. పాదాలు రెండూ నేలమీద చదునుగా ఆనాలి. మోకాలి వెనక భాగానికీ, సోఫా అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. అంచు అక్కడ ఒత్తుకుంటే కాసేపటికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ తరువాత చేతుల ఆసరా లేకుండా లేచి చూడండి. ఇదంతా ఒక్క నిమిషంలో తేలేది కాదు. పావుగంట కూర్చోండి. కొట్టువాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పది రూపాయల వంకాయలు ఏరి ఏరి కొనే మనం, ఇన్ని వేల వస్తువు దగ్గర మొహమాటపడడమేమిటి?

ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకునేవాళ్ళకు కూర్చుని చూసే వీలుండదు. వాళ్ళు ఇంట్లో తమకు సుఖంగా ఉన్న కుర్చీ ఏదో దాని ఎత్తు, లోతు, చేతుల ఎత్తు టేపుతో కొలిచి రాసుకోవాలి. ఆ మూడు కొలతలూ అక్కడ ఇచ్చిన కొలతలతో సరిచూసుకోవాలి. గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు కొలవడం కూడా మరిచిపోకండి.

ఇక లోపలి సంగతి. సోఫా గుడ్డ పైకి కనిపిస్తుంది. కానీ మన్నిక ఆధారపడేది గుడ్డ కింద ఉన్న చట్రం, పట్టీలు, మెత్తల మీద. చట్రానికి టేకు మంచిదని అందరికీ తెలుసు. అది కాకపోయినా బాగా ఎండిన, చేవ ఉన్న గట్టి చెక్క ఏదైనా పనికొస్తుంది. పచ్చి చెక్కతో చేస్తే ఆరేకొద్దీ వంగి, అతుకులు వదులవుతాయి. తేలిక పెట్టె చెక్కతో చేసి, పైన మంచి గుడ్డ తొడిగితే బయటికి ఏమీ తెలియదు. అందుకని సోఫాను ముందువైపు ఒక మూల పట్టుకుని జానెడు ఎత్తండి. అవతలి కాలు కూడా వెంటనే లేస్తే చట్రం బిగువుగా ఉన్నట్టు. అది నేలమీదే ఉండి, చట్రం మెలి తిరిగితే వద్దనుకోండి. అడుగున వేసిన గుడ్డ ఒక పక్క విప్పి చూపించమనండి. మూలల్లో అడ్డ చెక్కలు పెట్టి స్క్రూలు బిగించారా, ఉత్త మేకులతో సరిపెట్టారా అన్నది తెలుస్తుంది.

మెత్త కింద కొందరు సాగే పట్టీలు అల్లుతారు, కొందరు వంకర టింకర స్ప్రింగులు బిగిస్తారు. ఏవైనా సరే దగ్గర దగ్గరగా ఉండాలి. మన నవారు మంచం సంగతే తీసుకోండి. నవారు ఎడంగా అల్లితే ఎన్ని పరుపులు వేసినా నడుము దిగబడుతుంది కదా!

ఇప్పుడు మెత్త. డన్‌లప్ కంపెనీ వారు 1929లో రబ్బరు పాలను నురుగుగా చేసి మెత్తలు తయారుచేశారు. అందుకే ఇప్పటికీ చాలా ఇళ్ళలో నురుగు పరుపు ఏదైనా డన్‌లప్ అనే అంటారు. ఈ రోజుల్లో సోఫాలలో ఎక్కువగా వాడేది పాలీయురెథేన్ ఫోము. దాని మూలపదార్థాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కనిపెట్టారు. ఈ ఫోమును ‘డెన్సిటీ’ లెక్కన అమ్ముతారు. 32 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము 32 కిలోలు తూగుతుందన్నమాట. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. నొక్కితే గట్టిగా ఉన్నంత మాత్రాన మన్నుతుందని కాదు. రోజూ కూర్చునే చోటుకు 32కు తగ్గకుండా, వీలైతే 40 తీసుకోవడం మంచిది. వీపు వెనక మెత్తకు తక్కువైనా ఫరవాలేదు.

ఇందులో మోసం పట్టడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. ఫోము బయటికి తీసి తూకం వేయండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అయిదంగుళాల మందం ఉన్న 32 డెన్సిటీ ముక్క సుమారు కిలోన్నర ఉండాలి. 40 అయితే రెండు కిలోలకు కాస్త తక్కువ. అదే ముక్క కిలోకు కూడా తూగలేదంటే, వాళ్ళు చెప్పిన ఫోము అది కాదు.

పై గుడ్డ విషయానికి వస్తే, చిన్నపిల్లలున్న ఇంట్లో జిప్పులు పెట్టిన తొడుగులే మేలు. విప్పి ఉతుక్కోవచ్చు. నూలు గుడ్డ అయితే కుట్టించేముందు ఒకసారి నీళ్ళలో తడిపి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని మళ్ళీ ఎక్కదు. తోలులా కనిపించే చవకరకం పూతగుడ్డలు మన వేడికీ, ముఖ్యంగా విశాఖపట్నం, కాకినాడ లాంటి ఊళ్ళ చెమ్మకూ పొట్టు పొట్టుగా రాలిపోతాయి. ఏ గుడ్డ తీసుకున్నా అదే రంగులో ఒక మీటరు అదనంగా అడిగి తెచ్చుకోండి. ముందు ముందు చిరుగులు పడ్డప్పుడు అక్కరకొస్తుంది.

ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. ఈ ఫోము త్వరగా అంటుకుంటుంది, విషపు పొగ కక్కుతుంది. ఈ ప్రమాదం వల్లనే బ్రిటన్‌లో 1988లో సోఫాలకు, పరుపులకు ప్రత్యేకంగా అగ్ని నిబంధనలు తెచ్చారు. కనుక సోఫా పక్కన అగరువత్తులు, దోమల చక్రాలు, దీపాలు పెట్టకండి. మెత్తలను వారానికొకసారి తిరగేసి, చోట్లు మార్చి వేయండి. బూరుగు దూది దిండ్లు ఎండలో వేసినట్టు ఫోమును వేయకండి. ఎండకు అది పొడి పొడి అవుతుంది. గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపితే చెమ్మ, చెదలు కనిపెట్టి ఉండవచ్చు.

డబ్బు కట్టేముందు బిల్లు మీద చెక్క పేరు, ఫోము డెన్సిటీ, ఎన్నేళ్ళ పూచీ అన్నవి రాయించుకోండి. నోటిమాట రేపు నిలబడదు. ఇప్పటికే ఉన్న సోఫా చట్రం గట్టిగా ఉంటే కొత్తది కొననే అక్కరలేదు. ఫోము, గుడ్డ మార్పిస్తే మళ్ళీ చాలా ఏళ్ళు వస్తుంది.

చివరగా ఒక్క మాట. చాలా ఇళ్ళలో సోఫా వచ్చినవాళ్ళ కోసమే అన్నట్టు దుప్పటి కప్పి ఉంచుతారు. ఇంటి ఇల్లాలు మాత్రం వంటింటి పీట మీదో, మంచం అంచునో కూర్చుని కూర తరుగుకుంటుంది. వచ్చేవాళ్ళు గంటసేపు ఉంటారు, మీరు రోజంతా ఉంటారు. అందుకని ఎవరి నడుముకు, ఎవరి మోకాళ్ళకు సరిపోవాలో చూసేటప్పుడు మీ పేరు కూడా ఆ లెక్కలో రాసుకోండి. మధ్యాహ్నం పనయ్యాక ఒక అరగంట అందులో వీపు ఆనించి కూర్చోండి.