ఏ పద్దులోనూ లేని పొగ

(యువజనుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచీకరణ అంటే ఎక్కడో ఢిల్లీలో పెట్టే సంతకాల సంగతి అనుకుంటాం. కాదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టున నిలబడి చూడండి, కళ్లకి కనపడుతుంది.

2009 నుంచి మన చెరువుల్లోకి వచ్చింది వెనామీ రొయ్య. అది మన సముద్రానిది కాదు. దాని తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి విమానమెక్కి చెన్నైలో దిగుతాయి. అక్కణ్ణుంచి హేచరీలకి, పిల్లలేమో చెరువులకి. పెరిగాక షెడ్డుల్లో మన అక్కచెల్లెళ్లు తల తీసి, పొట్టు ఒలిచి ఇస్తే, గడ్డకట్టించి విశాఖ రేవులో ఓడెక్కిస్తారు. మళ్లీ అమెరికాకే! దారి పొడుగునా ఆ పెట్టెని చల్లగా ఉంచే కరెంటు కూడా ఓడలో నూనె కాల్చి తీసిందే.

ఓడని తిట్టాలా? టన్ను సరుకుని కిలోమీటరు మోయటానికి లారీకన్నా ఓడే తక్కువ పొగ వదులుతుంది. విమానం అన్నిటికన్నా ఎక్కువ. చిక్కెక్కడంటే, మోత చవకయ్యేకొద్దీ మోసే సరుకూ, దూరమూ పెరిగాయి. 1956లో అమెరికాలో తొలి కంటైనర్ ఓడ 58 పెట్టెలతో కదిలింది. ఇవాళ పెద్ద ఓడ ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 24,000 మోస్తోంది. 2018లో ప్రపంచ ఓడల పొగ 100 కోట్ల టన్నులు దాటింది. మనుషులు వదిలే మొత్తంలో అది దాదాపు 3 శాతం.

మరి ఈ పొగ ఎవరిది? 1997 క్యోటో ఒప్పందంలో, దేశాల మధ్య తిరిగే ఓడల పొగని, విమానాల పొగని ఏ దేశం లక్ష్యంలోనూ కలపలేదు. అంతర్జాతీయ సంస్థలకి అప్పజెప్పి చేతులు దులుపుకున్నారు. ఒక పూట పనికి పోకపోతే కూలి కోసే లోకానికి, కోట్ల టన్నుల పొగని పద్దులో రాయటం మాత్రం చేతకాలేదట!

2025 ఏప్రిల్‌లో ఓడల పొగకి ధర కట్టే ముసాయిదాని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒప్పుకుంది. అక్టోబర్‌లో అమెరికా, సౌదీ అరేబియా పట్టుబట్టి ఓటుని ఏడాది వాయిదా వేయించాయి.

ధర పడాల్సిందే. పడకపోతే ఎండా, తుపానూ ముందు మన గుడిసెలమీదే పడతాయి. కానీ పడ్డాక ఎవరు కట్టాలి? కొనేవాడు కంపెనీని నొక్కుతాడు, కంపెనీ కాంట్రాక్టర్ని నొక్కుతుంది, కాంట్రాక్టరు పొట్టు ఒలిచే ఆమె కూలి కోస్తాడు. ఆమె విమానం ఎక్కిందీ లేదు, ఆ రొయ్య తిన్నదీ లేదు. లాభం ఎవరి జేబులోకి పోతే పొగ బాకీ వాళ్లే కట్టాలి.

కూలి లెక్క అడగటం నేర్చుకున్నాం. ఇక పొగ లెక్క కూడా అడుగుదాం.